మునిగెడివానికి తేలెడి చొక్కా



నీటిలో మునుగుటకు బయలుదేరినవాడు తేలుటకు పనికివచ్చు చొక్కాను తొడిగికొని పోవుట వినుటకు వింతగా నుండును. వానలో తడియవలెనని బయలుదేరినవాడు గొడుగు వేసికొని పోయినట్లు తోచును. కాని యీనాడు సముద్రగర్భమును చూడబోవు స్కూబా యీతగాడు వీపున గాలిసిలిండరుతోను, నడుమున సీసపు బరువులతోను పాటు ఒక అరచొక్కాను గూడ తొడుగుకొనును. దానిలో గాలి నింపుకొనవచ్చును. నింపిన గాలిని వదలవచ్చును. ఇంగ్లీషువారు దీనిని బోయెన్సీ కాంపెన్సేటర్ అందురు. తేలుదలను సరిదిద్దునది యని దాని భావము. ఈ ప్రసంగమున దాని పుట్టుపూర్వోత్తరములను మీకు మనవి చేయదలచితిని.

దుకాణమునకు పోయి మామూలు చొక్కా కొనుట చిన్న పని. వెల చూతుము, రంగు చూతుము, తొడిగి అద్దము ముందు నిలుతుము. అది కొంచెము బిగువైనను, కొంచెము వదులైనను వచ్చు నష్టము లేదు. మహా అయిన నలుగురు నవ్వుదురు. నీటిలో తొడుగు చొక్కా సంగతి అట్టిది కాదు. అది యొంటికి కుదురుట యనునది సుఖమునకు సంబంధించిన మాటగా పైకి కనబడును. దాని చరిత్రను చదివినచో అది ప్రాణమునకు సంబంధించిన మాట యని బోధపడును.

ఈ చరిత్రకు మొదటి పాఠము మన పల్లెలలోనే యున్నది. చెఱువునందో దిగుడుబావియందో పిల్లలకు ఈత నేర్పునపుడు జీలుగుబెండ్లను గాని, ఎండిన సొరకాయబుఱ్ఱలను గాని కట్టుట పెద్దలందఱు నెఱిగినదే. కట్టెడివాడు ముడిని రెండుమూడు మార్లు లాగి చూచును. ఏలయన, ఆ బెండు నడుము విడిచి తొడలమీదికి జారినచో కాళ్లు పైకి లేచును, తల నీటిలోనికి పోవును. తేల్చుటకు కట్టిన బెండే ముంచుటకు కారణమగును. కావున తేలుటకు బెండుండుట చాలదు. అది దేహమున తగినచోట నిలువవలెను. ఈ చిన్న మాటను నేర్చుకొనుటకు నాగరిక ప్రపంచమునకు చాలకాలము పట్టినది.

నీటిపై దేహమును తేల్చు నుపాయములు మిక్కిలి ప్రాచీనములు. క్రీస్తునకు పూర్వము 9వ శతాబ్దమున అసీరియా నేలిన రెండవ అషూర్‌నాసిర్‌పాలు అను రాజు నిమ్రూదు నగరమున గొప్ప రాజమందిరమును కట్టించెను. అందలి శిలాఫలకములు కొన్ని నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. వానిలో నొకదానిపై, ఒడ్డుననుండి విలుకాండ్రు బాణములు వేయుచుండగా నదిని ఈది పారిపోవుచున్న మనుష్యులు చెక్కబడియున్నారు. అందు ఇద్దరు గాలి నింపిన తోలుతిత్తులను పొట్టక్రింద పెట్టుకొని యీదుచున్నారు. తరువాత క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున గ్రీకు పండితుడగు ఆర్కిమిడీసు ఇందలి సూత్రమును చెప్పెను. నీటిలోని వస్తువు ఎంత నీటిని ప్రక్కకు నెట్టునో, అంత నీటి బరువుతో సమానమైన బలము దానిని పైకి నెట్టును. సూత్రము మనకు దొరికినది; చొక్కా మాత్రము దొరకుటకు ఇంకను రెండువేల యేండ్లు పట్టినది.

ఒడలికి తొడుగుటకు తగిన తేలుచొక్కా 19వ శతాబ్దమధ్యమున ఇంగ్లండులో రూపొందెను. ఆ దేశపు తీరములందు ఓడలు పగిలినపుడు ప్రాణములు కాపాడుటకు 1824వ సంవత్సరమున ఒక సంఘము స్థాపింపబడినది. దానినే యిప్పుడు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అందురు. అందు తనిఖీ యధికారిగా నుండిన కాప్టెన్ జాన్ వార్డు 1854లో కార్కుతో నొక చొక్కాను సిద్ధపఱచెను. కార్కనగా సీసాలకు బిరడాలుగా వాడు బెండు. అది తేలునని అందఱకును తెలియును. వార్డు గొప్పతన మేమనగా, అతడు ఒకే పెద్ద బెండును మనుష్యుని ఱొమ్మునకు కట్టివేయలేదు. సన్నని కార్కు ముక్కలను వరుసగా గట్టి గుడ్డపై కుట్టించెను. అందువలన ఆ చొక్కా దేహముతోపాటు వంగును. దానిని తొడిగినవాడు కూర్చుండి తెడ్డు వేయగలడు. వార్డు మొదట తేలుదలను గాక, తెడ్డు వేయువాని భుజములను తలచుకొనెను.

ఈ తలంపు ఫలము ఏడేండ్లలో తేటపడినది. 1861 ఫిబ్రవరి 9వ తేదీని ఇంగ్లండు ఈశాన్యతీరమునందలి విట్బీ రేవున గొప్ప తుపాను చెలరేగెను. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని వారిని కాపాడుటకు అక్కడి బెస్తలు తమ రక్షకనౌకను ఆ యొక్కదినముననే పలుమార్లు సముద్రముపైకి నడిపిరి. కడపటిమాఱు నౌక బోల్తాపడెను. అందున్న 13 మందిలో 12 మంది యొడ్డువారి కన్నులయెదుటనే మరణించిరి. బ్రతికినవాడు ఒక్కడు, అతని పేరు హెన్రీ ఫ్రీమన్. వార్డు క్రొత్తగా చేయించిన కార్కుచొక్కాను తొడిగికొన్నవాడును అతడొక్కడే. తరువాతి కాలమున అతడు ఆ రేవు రక్షకనౌకకు నాయకుడై చాలకాలము పనిచేసెను. కార్కుచొక్కాతో నిలుచున్న అతని ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము.

ఇంతటి సాక్ష్యము దొరకినపిమ్మట ఓడలన్నిటను బెండుచొక్కాలు వ్రేలాడసాగెను. కాని వ్రేలాడదీయుట వేఱు, కాపాడుట వేఱు. 1904 జూన్ 15వ తేదీని న్యూయార్కు నగరమున ఈస్ట్ నదిలో జనరల్ స్లోకమ్ అను విహారనౌక తగులబడెను. ఒక చర్చికి చెందిన కుటుంబములు వనభోజనమునకై బయలుదేరినవి. అందు స్త్రీలును పిల్లలునే యెక్కువ. నౌకలో తేలుచొక్కాలు కొల్లలుగా నుండెను. కాని అవి పదుమూడేండ్లుగా అట్లే వ్రేలాడి, గుడ్డ చీకి, లోని కార్కు పొడియై పోయినవి. తల్లులు తమ బిడ్డలకు వానిని తొడిగి నీటిలోనికి వదలిరి. ఆ పొడి నీటిని పీల్చుకొని బరువెక్కెను. బిడ్డలు రాళ్లవలె మునిగిరి. ఆనాడు మరణించినవారు వేయిమందికి మించిరి. చొక్కా యున్నదను ధైర్యమే అచ్చట మృత్యువైనది. తొడిగి చూడని చొక్కాను, పరీక్షింపని చొక్కాను నమ్మరాదని ఆ తల్లుల శోకము లోకమునకు చెప్పినది.

కార్కునకు తరువాత దూదివంతు వచ్చినది. మనము దిండ్లలోను పఱుపులలోను కూర్చు తెల్లబూరుగుదూదిని ఇంగ్లీషువారు కపోక్ అందురు. దాని పోగు లోపల బోలుగా నుండును. పైన మైనపుపూత యుండును. అందువలన అది త్వరగా నీటిని పీల్చదు. 20వ శతాబ్దారంభముననే రక్షకనౌకలవారు దీనిని వాడసాగిరి. పిదప గాలి నింపు రబ్బరుచొక్కాలు వచ్చెను. 1928లో అమెరికాలో పీటర్ మార్కస్ అనునతడు కల్పించిన గాలిచొక్కా రెండవ ప్రపంచయుద్ధమున వైమానికుల కందఱకును పరిచితమయ్యెను. అది యుబ్బినపుడు కనబడు రూపమునుబట్టి సైనికులు దానికి మే వెస్ట్ అను సినిమానటి పేరు పెట్టుకొనిరి.

ఆ యుద్ధకాలముననే యీ చరిత్రయందు మిక్కిలి సాహసకార్య మొకటి జరిగినది. విమానము కూలి సముద్రమున పడినవాడు తరచుగా స్మారకము లేక యుండును. అతడు ఈదలేడు, తల యెత్తలేడు. చొక్కా అతనిని తేల్చును సరే, ముఖము పైకుండునట్లు తేల్చునా, లేక ముక్కును నోటిని నీటిలో నుంచి తేల్చునా? మెలకువతో నున్నవానిని నీటిలో దింపి చూచినచో ఇది తెలియదు. వాడు తెలియకయే మెడ నెత్తికొనును. బొమ్మలను దింపి చూచినను తెలియదు; బొమ్మకు మనుష్యుని కీళ్ల సడలింపు లేదు. అప్పుడు ఎడ్గర్ పాస్క్ అను యువవైద్యుడు తన దేహమునే యొప్పగించెను. ఆక్స్‌ఫర్డులో మత్తుమందుల శాస్త్రమునకు ఆచార్యుడైన రాబర్ట్ మాకింటాష్ అతనికి మత్తు నిచ్చెను. శ్వాసనాళమున గొట్టము నమర్చి, పూర్ణముగా స్మృతి తప్పిన పాస్కును వేర్వేఱు చొక్కాలతో కొలనులోనికి దింపి చూచిరి. ఒక్కసారి కాదు, అనేక పర్యాయములు.

ఫలితము కలవరము కలిగించునదిగా నుండెను. అప్పటికి వాడుకలో నున్న చొక్కాలు కొన్ని స్మృతిలేనివానిని బోరగిలత్రిప్పుచుండెను. తేలుబలము వానియందు కావలసినంత యున్నది. అది యుండవలసినచోట లేదు. ఱొమ్ముమీదను మెడచుట్టును బలముండి, దేహము కొంచెము వెనుకకు వాలినచో ముఖము గాలికి తగులును. వీపున బలము మిక్కుటమైనచో ముఖము నీటికి తగులును. మన పల్లెలో బెండు కట్టునతడు ముడిని లాగి చూచునది దీనికొఱకే.

ఇంతవఱకు తేలగోరువాని చొక్కా కథ వింటిరి. ఇక మునగగోరువాని కథకు వత్తము.

పూర్వము మన్నారు సింధుశాఖలో ముత్యపుచిప్పలకై మునుగువారు బరువైన రాతిని ఆధారముగా చేసికొని అడుగునకు దిగెడివారు. పైనివారు త్రాడుతో లాగగా వచ్చెడివారు. దిగుట రాతి పని, ఎక్కుట త్రాటి పని. నడుమ ఎచ్చటనో నిలుచుట యను ప్రశ్న వారికి లేదు. ఆ ప్రశ్నను మొదట చిత్రించినవాడు ఇటలీ దేశపు పండితుడు బొరెల్లి. జంతువుల చలనమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1680లో వెలువడెను. అందు నీటిలో నడచు మనుష్యుని బొమ్మ యొకటి యున్నది. ముషలముతో ఒక గొట్టములోని గాలిని ఒత్తియు సడలించియు అతడు తన తేలుదలను మార్చుకొనును. చేప తన పొట్టలోని గాలితిత్తితో చేయునది మనుష్యునిచేత చేయింపవలెనని ఆయన తలంపు. నేటి చొక్కాకు అదియే బీజము.

1943లో ఫ్రాన్సున కూస్తో, గాన్యాన్ అను నిరువురు గాలిసిలిండరుతో స్వేచ్ఛగా మునుగు సాధనమును కల్పించిరి. మొదట మునిగినవారికి చొక్కా లేదు. నడుమున సీసపు పటకా మాత్రమే. 1950 దశకమున ఈతగాండ్రు చలికి తాళుటకు నురుగురబ్బరు దుస్తులను తొడుగసాగిరి. అప్పుడు చిక్కు వచ్చెను. ఆ రబ్బరులో వేనవేల గాలిబుడగ లుండును. పైన నున్నపుడు అవి మనుష్యుని తేల్చును. లోతునకు పోగా నీటి యొత్తిడి వానిని నలిపివేయును. 10 మీటరుల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. 30 మీటరుల వద్ద నాలుగింతలు. దుస్తు పలుచనై, మనుష్యుడు బరువై క్రిందికి జాఱును. ఇంకొక లెక్క యున్నది. 12 లీటరుల సిలిండరున 200 రెట్ల యొత్తిడితో గాలి నింపినచో అందు సుమారు 2,400 లీటరుల గాలి యుండును. దాని బరువు దాదాపు 3 కిలోలు. పీల్చిన కొలది ఆ బరువు తగ్గి మనుష్యుడు పైకి పోజూచును. ఈ రెండు మార్పులను సరిపుచ్చుటకే మునుగువానికి తేలెడి చొక్కా అవసరమైనది.

1961లో ఫ్రాన్సు దేశస్థుడు మోరీస్ ఫెంజీ ఇట్టి గాలిచొక్కాను తెచ్చెను. అది గుఱ్ఱపు మెడపట్టెడవలె మెడచుట్టును ఱొమ్ముమీదను ఉండెడిది. నీటిపైన అది ముఖమును చక్కగా పైకెత్తి కాపాడును. నీటిలోపలనో, గాలి నింపినంతనే మెడను పట్టి లాగును. తొడలనడుమ పట్టీ లేనిచో చెవులవఱకు ఎగయును. ఈతగానిని నిలువునా లేపును. 1970 దశకమున అమెరికాలో రెండు మార్గములు బయలుదేరెను. ఒకటి, చేతులు దూర్చి తొడుగుకొను అరచొక్కా. గాలి దేహముచుట్టును వ్యాపించును. రెండవది, గాలితిత్తిని వీపున ఱెక్కలవలె నమర్చుట. ఱొమ్ము విడుదలగా నుండును, నీటిలో దేహము చదునుగా నిలుచును. సిలిండరు గాలినే మీట నొక్కి చొక్కాలో నింపుకొను సదుపాయము గూడ అలవాటయ్యెను.

అయితే ఒక సుఖమునకు ఒక వెల యుండును. వీపున గాలి నుంచుకొన్న చొక్కా నీటిపైకి వచ్చినపుడు మనుష్యుని ముందునకు త్రోయజూచును. పాస్కు దేహము చెప్పిన పాఠము ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. మునుగువాని చొక్కా రక్షకచొక్కా కాదు. స్మృతి తప్పినవాని ముఖమును పైకెత్తునని దానిని నమ్మరాదు. అందుకే స్కూబా యీతగాండ్రు జంటగా దిగుదురు. చొక్కా చేయలేని పనిని ప్రక్కవాడు చేయును.

ఈ చరిత్ర తెలిసినవాడు చొక్కాను ఎన్నుకొనవలసిన తీరు వేఱుగా నుండును. పలుచని బనీనుమీద తొడిగి చూచుట నిష్ప్రయోజనము. నీటిలో తొడుగబోవు దుస్తుపైనే తొడిగి చూడవలెను. పట్టీలన్నియు బిగించి, లోని గాలి తనంతట కవాటమును త్రోసికొని వచ్చువఱకు నింపవలెను. అప్పుడు నిండుగా ఊపిరి పీల్చవలెను. ఱొమ్ము నొక్కుకొనిపోయినచో ఆ చొక్కా మీది కాదు. నీటిపైన అలసి, భయపడి, గాలి నింపుకొన్న సమయముననే ఊపిరి యెక్కువగా కావలసియుండును; అప్పుడే అది ఱొమ్మును బిగించినచో దానివలన మేలేమి? పిమ్మట వెనుకనుండి యొకనిని భుజపు పట్టీలు పట్టి పైకి లాగుమనవలెను. చొక్కా చెవులయొద్దకు ఎగసినచో అది వదులు. వదులైన చొక్కాలో సిలిండరు ప్రక్కకు ఒరగును. ఈతగాడు దానిని సరిచేయుటకే శ్వాసను వ్యయపఱచును.

మఱియొక పరీక్ష కన్నులు మూసికొని చేయవలసినది. గాలి నింపు మీట యెచ్చటనున్నది, వదలు త్రాడెచ్చటనున్నది, బరువులను విడుచు పట్టెచ్చటనున్నది, చేయి తడుముకొనక చేరవలెను. ఇది వేడుకకు చెప్పిన మాట కాదు. 30 మీటరుల లోతున చొక్కాలో 4 లీటరుల గాలి యున్నదనుకొందము. 10 మీటరులకు వచ్చునప్పటికి అది 8 లీటరులగును. నీటిపైకి వచ్చునప్పటికి 16 లీటరులగును. గాలి పెరిగినకొలది వేగము పెరుగును. వేగము పెరిగినకొలది గాలి పెరుగును. వదలు త్రాడు అందనివాడు బాణమువలె పైకి పోవును. ఊపిరి బిగబట్టినచో ఊపిరితిత్తులు చీలును. వేగముగా ఎక్కిన దోషమున రక్తమున బుడగలు లేచును. కావున పెద్ద చొక్కా మంచి చొక్కా యనుకొనుట పొరపాటు. నిండు సిలిండరును, నలిగిన దుస్తును, బరువులను నీటిపైన తేల్చుటకు తగినంత బలమున్న చాలును. అంతకు మించిన తిత్తి నీటిని అడ్డగించును; మడతలలో గాలిని దాచుకొనును.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. చాలకాలము ఈ చొక్కాలను పురుషుల కొలతలకే కుట్టి, చిన్న పరిమాణమును స్త్రీలకు ఇచ్చుచుండిరి. పొట్టియైన మొండెముమీద అవి తొడలకు తగిలెడివి. పట్టీలు ఱొమ్మును ఒరసెడివి. తరువాత స్త్రీల కొలతలకు వేఱుగా చేయుట మొదలుపెట్టిరి. దేహమునుబట్టి చొక్కా మారవలెను గాని, చొక్కానుబట్టి దేహము మారదుగదా.

ఈనాడు మన విశాఖపట్టణమున ఋషికొండ తీరమునందును, అండమాను దీవులయందును, లక్షద్వీపములయందును స్కూబా నేర్పువారు గలరు. మన యువతీయువకులు సముద్రపు అడుగును చూడబోవుచున్నారు. అది యెంతయు సంతోషింపదగినది. ఒడ్డున నేర్పువాడు చొక్కా నందిచ్చినపుడు పలువురు మొగమాటమున దానినే తొడిగికొందురు. బిగువుగా నున్నదని చెప్పిన సుకుమారులమని నవ్వుదురేమో యని యూరకుందురు. ఆ మొగమాటము వలదు. కుదరలేదని చెప్పుడు, ఇంకొకటి అడుగుడు. అది సౌకుమార్యము కాదు. తెడ్డు వేయువాని భుజములను తలచుకొన్న వార్డును, స్మృతి విడిచి నీటిలో తేలిన పాస్కును మనకు నేర్పిపోయినది ఈ యొక్క మాటయే. ఇల్లు చేరి ఆ చొక్కాను లోపల వెలుపల మంచినీటితో కడిగి నీడన ఆరవేయుట మఱువకుడు. ఉప్పుపేరిన కవాటము మఱునాడు మూసికొనకపోవచ్చును. చీకిన కార్కును నమ్మిన తల్లుల కథను వినినవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

చెఱువుగట్టున మనుమని నడుముకు బెండు కట్టిన తాత ముడిని లాగి చూచిన పిమ్మటనే వానిని నీటిలోనికి దించును. మీరును పట్టీని ఒకసారి లాగి చూచిన పిమ్మటనే దిగుడు.